టెండన్ కుట్ల బలాన్ని పోల్చి చూడడం ఎలా?

బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండలు కోసేచోట గాని, పొలంలో కొడవలి జారి గాని వేలిని ముడిచే టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి తాడు) తెగినప్పుడు, కుట్టిన వైద్యుడు తేల్చుకోవలసింది ఆ వేలిని తొలి వారంలోనే కదిలించనివ్వవచ్చా అన్నది. 1992లో షూయిండ్ అనే పరిశోధకుడి బృందం మనుషుల చేతుల్లో నేరుగా కొలిచిన లెక్క ప్రకారం, బరువేమీ లేకుండా వేలిని తనంతట తాను ముడిచినప్పుడు టెండన్‌పై 35 న్యూటన్ల వరకు, వేలికొనలతో గట్టిగా పట్టినప్పుడు 120 న్యూటన్ల వరకు లాగుడు పడుతుంది. కర్నూలులో ఈ అంశంపై థీసిస్ చేయదలచిన పీజీ విద్యార్థి ముందుగా ఈ రెండు అంకెలను దగ్గర పెట్టుకోవాలి.

నమూనాలకు పొట్టేలు ముందుకాళ్లు చాలు. అయితే మన మాంసం అంగళ్లలో కాళ్లను వెంట్రుకలు పోయేలా కాల్చి ఇస్తారు. వేడికి టెండన్‌కు బలమిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ ముడుచుకుపోతుంది కనుక అవి పాయాకే తప్ప పరీక్షకు పనికిరావు. కాల్చని కాళ్లు కావాలని ముందురోజే చెప్పి, ఒకే జీవం కుడి, ఎడమ కాళ్లను జతగా తీసుకుని, ఏ కాలికి ఏ పద్ధతి అన్నది చీటీ తీసి నిర్ణయించాలి. టెండన్‌ను సెలైన్‌లో (ఉప్పునీటిలో) తడిపిన గాజుగుడ్డలో చుట్టి ఉంచాలి. గడ్డకట్టిస్తే ఒక్కసారే కరిగించాలి.

పోల్చదలచిన అంశం ఒక్కటే మారాలి. తెగిన చోటును దాటే పోగుల సంఖ్య పెరిగితే బలం పెరుగుతుందన్నది తెలిసిందే. కాని 4-0 దారంతో వేసిన రెండు పోగుల కెస్లర్ కుట్టును అంతకంటే లావైన 3-0 దారంతో వేసిన నాలుగు పోగుల క్రూసియేట్ కుట్టుతో పోలిస్తే, గెలిచింది పోగులా, దారం మందమా అన్నది ఎవరూ చెప్పలేరు. దారం రకం, ముడుల సంఖ్య, కోసిన అంచు నుంచి సూది గుచ్చే దూరం (దాదాపు ఒక సెంటీమీటరు), చుట్టూ వేసే సన్నని 6-0 కుట్టు, కుట్టే మనిషి అన్నిటా ఒకటే కావాలి. చుట్టుకుట్టును అలంకారమనుకుని వదిలేసేవారున్నారు, కాని తెగిన అంచుల మధ్య సందు పడకుండా ఆపడంలో దాని పాత్ర పెద్దది.

ఇంజనీరింగ్ కళాశాలల్లో ఇనుప కడ్డీలను తెంపే యంత్రం ఉంటుంది గాని, టన్నుల్లో కొలిచే దానికి ఇంత కొద్ది న్యూటన్లు ఆనవు. 500 న్యూటన్ల లోడ్ సెల్ (లాగుడును కొలిచే భాగం) ఉన్నదాన్నే అడగాలి. తడి టెండన్ పట్టులోంచి జారకుండా మధ్యలో గరుకు కాగితం పెట్టి బిగించి, ఒకటి రెండు న్యూటన్లతో సడలింపు తీసి, నిమిషానికి 20 మిల్లీమీటర్ల వంటి ఒకే వేగంతో లాగాలి.

పూర్తిగా తెగిన క్షణంలోని అంకెనే పట్టుకుని తీర్పు చెప్పడం సరికాదు. టెండన్ పక్కనే, అదే తలంలో స్కేలు పెట్టి ఫోనుతో వీడియో తీసి, సందు 2 మిల్లీమీటర్లు చేరినప్పుడు యంత్రం చూపిన బలాన్ని విడిగా రాసుకోవాలి. 1999లో గెల్బర్మన్ బృందం కుక్కలపై చేసిన పరిశోధనలో 3 మిల్లీమీటర్లు మించి సందు పడిన టెండన్లు ఆరు వారాలకు కూడా తగినంత బలం పుంజుకోలేదు. కాబట్టి 60 న్యూటన్ల దగ్గర తెగినా 25 దగ్గరే సందిచ్చిన కుట్టుకంటే, 50 దగ్గర తెగినా 40 వరకు సందివ్వని కుట్టే మేలు.

ప్రతి నమూనా ఎలా విఫలమైందో కూడా రాయాలి: దారం తెగిందా, ముడి జారిందా, టెండన్‌ను కోసుకుంటూ దారం బయటికి వచ్చిందా. ముడి జారితే కుట్టే తీరు దిద్దుకోవాలి, దారం తెగితే మందం పెంచాలి, కోసుకుంటూ వస్తే దారం టెండన్‌ను పట్టే పద్ధతే మార్చాలి.