సంక్రాంతిలోపు కారు క్లచ్, గేర్‌బాక్సు గట్టిపరచాలనుకునేవాళ్లకు జాగ్రత్తలు

దసరా వెళ్లగానే భీమవరం, పాలకొల్లు, అమలాపురం షెడ్లకు ఒక రకం బళ్లు వరసకడతాయి. రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చి పవర్ పెంచడం) చేయించిన ఫోక్స్‌వాగన్ పోలోలు, వర్టస్‌లు, స్కోడా ఆక్టేవియాలు. పండక్కి బావలు, బావమరుదులు దిగేలోపు బండి పికప్ అదిరిపోవాలని కుర్రాళ్ల ఆత్రం. రీమ్యాప్ ఒక్క పూటలో అయిపోతుంది. క్లచ్ పనికి గేర్‌బాక్సు దింపాలి, ఎక్కించాలి, ఆ తర్వాత కొత్త ప్లేటు కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. పవర్ పెంచేశాక క్లచ్ జారితే అప్పుడు చూద్దాం అనుకోకండి. మీ క్లచ్, గేర్‌బాక్సు ఎంత మోస్తాయో ముందు తేల్చుకోండి. రీమ్యాప్ ఆ తర్వాత.

క్లచ్‌ను అసలు పరీక్షించేది హార్స్‌పవర్ కన్నా టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం. టర్బో బళ్లకు రీమ్యాప్ చేస్తే రెండు వేల ఆర్‌పీఎం చుట్టుపక్కల టార్క్ ఒక్కసారిగా లేస్తుంది. పాత క్లచ్ చేతులెత్తేసేది అక్కడే. వర్టస్ జీటీ 1.5నే తీసుకోండి. కంపెనీ ఇచ్చిన లెక్క 150 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే), 250 ఎన్ఎం (న్యూటన్ మీటర్ల) టార్క్. దాని ఆటోమేటిక్‌లో ఉండే ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీని (ఆయిల్‌లో మునగని రెండు క్లచ్‌లున్న ఆటోమేటిక్ గేర్‌బాక్సును) డీక్యూ200 అంటారు. దాని పరిమితి కూడా 250 ఎన్ఎమ్మే. అంటే షోరూం నుంచి బయటికొచ్చిన రోజునే ఆ గేర్‌బాక్సు తన పూర్తి బరువు మోస్తోంది. "కొంచెమే పెంచామండీ" అనే మాటకు అక్కడ చోటు లేదు. ఆ గేర్‌బాక్సు ఉన్నవాళ్లు పవర్ జోలికి పోవద్దనే నా సలహా. ఆక్టేవియా ఆర్ఎస్ పాత మోడళ్లలోని ఆరు గేర్ల డీక్యూ250లో క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి కాబట్టి వేడికి బాగా తట్టుకుంటుంది. దానికైనా ఇంజన్‌తో పాటు గేర్‌బాక్సు కంప్యూటర్ ట్యూన్ చేయించాలి. 60,000 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టరు మార్చే లెక్క తప్పకూడదు. పవర్ పెంచినవాళ్లు ఇంకా ముందే మార్చుకుంటే మంచిది.

మాన్యువల్ బళ్లవాళ్లు ఉన్న క్లచ్ సంగతి షెడ్డుకు వెళ్లకుండానే తెలుసుకోవచ్చు. ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో, రెండు వేల ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. ఆర్‌పీఎం ముల్లు గబుక్కున లేచి, స్పీడు మాత్రం మెల్లగా పెరిగితే క్లచ్ జారుతున్నట్టే. వెంటనే కాలు తీసేయండి. మళ్లీ మళ్లీ చూస్తే ఉన్న ప్లేటు కూడా కాలిపోతుంది. ఈ పరీక్ష కాలువ గట్ల మీద మాత్రం చేయొద్దు. ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను, మధ్యలో రెయిలింగ్ లేని సన్నటి రోడ్డు. నవంబరు, డిసెంబరుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి ఉంటారు. పవర్ కొలవాలంటే డైనో (బండిని రోలర్ల మీద నిలిపి పవర్ కొలిచే యంత్రం) ఉన్న ఊరికి వెళ్లండి. స్పీడు సరదా తీరాలంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో, కోయంబత్తూరులో ట్రాకులున్నాయి.

ఇక ఏ క్లచ్ వేయించాలన్నది. ఎక్కువ టార్క్ మోయాలంటే క్లచ్ ప్లేటును అదిమిపట్టే ప్రెజర్ ప్లేటు స్ప్రింగు గట్టిదైనా కావాలి, ప్లేటు మీది మెటీరియల్ ఎక్కువ పట్టేదైనా కావాలి, ప్లేటు పెద్దదో జంట ప్లేట్లో అయినా కావాలి. స్ప్రింగు గట్టిపడితే పెడల్ బరువెక్కుతుంది, పెడల్ నొక్కుడును క్లచ్‌కు చేర్చే స్లేవ్ సిలిండర్ మీదా, ఇంజన్ క్రాంక్ షాఫ్టు ముందుకు వెనక్కి జరగకుండా పట్టే థ్రస్ట్ బేరింగుల మీదా భారం పెరుగుతుంది. సిరామిక్ ముక్కల ప్లేట్లు బ్రహ్మాండంగా పడతాయి కానీ ఉంటే ఆన్, లేకపోతే ఆఫ్ అన్నట్టుంటాయి. పండగ మూడు రోజులూ భీమవరం జువ్వలపాలెం రోడ్డులో అడుగడుగుకీ ఆగుతూ వెళ్లేటప్పుడు బండి గజగజ వణుకుతుంది, ఫ్లైవీల్ (ఇంజన్ వెనక క్లచ్ ప్లేటు ఆనుకునే బరువైన చక్రం) కూడా తొందరగా అరుగుతుంది. కెవ్లార్ అనే గట్టి నార ప్లేటు మెత్తగా పడుతుంది, కానీ కుదురుకోవడానికి చాలా సమయం అడుగుతుంది, ఒకసారి బాగా వేడెక్కితే పట్టు పోతుంది. రోజూ తిరిగే బండికి నా ఓటు మంచి ఆర్గానిక్ ప్లేటుకే, అంటే మామూలు బళ్లలో వచ్చే రకానికే. దానికి కాస్త గట్టి ప్రెజర్ ప్లేటు జతచేసి, మీరు పెట్టుకోబోయే టార్క్ కన్నా పాతిక శాతం ఎక్కువ మోసే సెట్టు ఎంచుకోండి. డబ్బాలో ప్లేటు, ప్రెజర్ ప్లేటు, పెడల్ నొక్కితే క్లచ్‌ను విడిపించే రిలీజ్ బేరింగు మూడూ ఒకే సెట్టువో కాదో అక్కడే చూసుకోండి.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. పాత క్లచ్ జారడం ఒక రకంగా ఇంట్లో ఫ్యూజు పోవడం లాంటిది. గట్టి క్లచ్ వేశాక ఆ దెబ్బ గేరు పళ్లకు, డ్రైవ్ షాఫ్టులకు, ఇంజన్ మౌంటింగులకు పోతుంది. ఆర్‌పీఎం పెంచి క్లచ్ ఒక్కసారి వదిలే లాంచ్‌లు మానేయండి. తక్కువ ఆర్‌పీఎంలో పెద్ద గేరులో ఉండి ఫుల్ థ్రాటిల్ ఇవ్వడం కూడా. ఇక స్ట్రెయిట్ కట్ గేర్లు (పళ్లు ఏటవాలుగా కాక నిటారుగా కోసినవి) రేసు బళ్లవి, ఆ రొద ఊళ్లో భరించలేరు.

షెడ్డులో పని జరిగేటప్పుడు దగ్గరుండండి. బండి జాకీ మీద, ఇటుకల మీద నిలబడి ఉంటే కిందికి ఎవర్నీ దూరనివ్వకండి. లిఫ్టు కావాలి, లేదా గట్టి స్టాండ్లు కావాలి. బెల్ హౌసింగులోని (క్లచ్ చుట్టూ ఉండే గేర్‌బాక్సు డొప్పలోని) నల్లటి పొడిని ఎయిర్ గన్‌తో ఊదనివ్వొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడి గుడ్డతో, క్లీనర్‌తో తుడవాలి.

గేర్‌బాక్సు దిగాక ఫ్లైవీల్‌ను వెలుతురులో చూడండి. నీలం మచ్చలు ఉన్నాయంటే అక్కడ బాగా కాలింది. వాటి చుట్టూ వెంట్రుకంత సన్న పగుళ్లు ఉంటే ఆ ఫ్లైవీల్ పనికిరాదు. డ్యూయల్ మాస్ (మధ్యలో స్ప్రింగులున్న రెండు ముక్కల ఫ్లైవీల్) అయితే చేత్తో తిప్పి, ఊపి చూసి, వదులు కంపెనీ చెప్పిన హద్దులో ఉందో లేదో కనుక్కోవాలి. దాన్ని తీసేసి ఒకే ముక్క సింగిల్ మాస్ వేస్తే ఐడిల్‌లో గేర్‌బాక్సు గలగలమంటుంది, తెలిసే వేయించుకోండి. క్రాంక్ వెనక ఆయిల్ సీలు చెమ్మగా ఉంటే ఇప్పుడే మార్చేయాలి, లేకపోతే రేపు కారిన ఆయిల్ కొత్త ప్లేటును పాడుచేస్తుంది. క్లచ్ ప్లేటులోకి దూరే గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్లకు గ్రీజు పలచగా రాసి, మిగిలింది తుడిచేయాలి. ఎక్కువైతే తిరుగుతున్నప్పుడు చిమ్మి ప్లేటు మీదే పడుతుంది. ఫ్లైవీల్ బోల్టులు చాలా బళ్లలో ఒకసారి వాడేవే, కొత్తవి కొనాలి. ప్రెజర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, టార్క్ రెంచితో బిగించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, గేర్‌బాక్సు ఎక్కించేటప్పుడు దాని బరువు క్షణం కూడా ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడకూడదు. ప్లేటు మధ్య భాగం వంగిపోతే క్లచ్ సరిగ్గా విడవదు, గేర్లు గరగరమంటాయి. "రెండ్రోజులు నడిపితే సర్దుకుంటుంది" అంటే నమ్మకండి.

గేరాయిల్ విషయంలో కంపెనీ పుస్తకంలో ఉన్నదే పోయించండి. జీఎల్-4 రకం ఆయిల్ చెప్పిన గేర్‌బాక్సులో జీఎల్-5 రకం పోస్తే, అందులోని రసాయనాలు గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రోనైజర్లను తినేసే ప్రమాదం ఉంది. హైడ్రాలిక్ క్లచ్ అయితే ఫ్లూయిడ్ కూడా కొత్తది ఎక్కించి గాలి తీయించండి. అది గాల్లో తేమను పీల్చుకుంటుంది. మన సముద్రపు తేమలో మూత తీసి ఉంచిన పాత డబ్బా అస్సలు వాడొద్దు.

పని అయిన రోజు నుంచి సుమారు 800 కిలోమీటర్లు సాధువుగా నడపాలి. ఇక్కడే మనవాళ్లు లెక్క తప్పుతారు. రావులపాలెం నుంచి హైవే ఎక్కి విజయవాడ రెండుసార్లు వెళ్లొస్తే కిలోమీటర్లు తిరుగుతాయి, కానీ క్లచ్ తొక్కేది ఎన్నిసార్లు? ప్లేటు కుదురుకునేది నొక్కి వదిలినప్పుడే. పాలకొల్లు, నరసాపురం, తణుకు ఊళ్లలో మామూలు పనుల మీద తిరగండి. రైల్వే గేటు పడితే న్యూట్రల్‌లో పెట్టి కాలు తీసేయండి. వంతెన ఎక్కేచోట ట్రాఫిక్ ఆగితే క్లచ్ మీద నిలబెట్టకుండా హ్యాండ్‌బ్రేక్ వాడండి. ఈ కిలోమీటర్లు అయ్యేదాకా కొత్త రీమ్యాప్ ఎక్కించొద్దు, మారేడుమిల్లి ఘాట్ ట్రిప్పు పెట్టుకోవద్దు. అందుకే పండక్కి రెడీ కావాలంటే కార్తీకంలోనే షెడ్డుకు ఇవ్వాలి, ముక్కనుమ ముందు వారం కాదు.

కాగితాల పని కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకు సొంతదారుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పకపోతే రేపు క్లెయిమ్ దగ్గర టెన్షన్ తప్పదు. వారంటీ మీద ఆశ ముందే వదులుకోండి.

చివరిగా నీళ్లు. తుపాను వాన నిలిచిన రోడ్డులోనో, గోదావరి పొంగినప్పుడు కాజ్‌వే మీదో బండిని దింపితే, వేడిగా ఉన్న గేర్‌బాక్సు ఒక్కసారిగా చల్లబడి గాలి ఆడేందుకు పెట్టిన బ్రీదర్ గొట్టంలోంచి నీళ్లు లోపలికి పీలుస్తుంది. డ్రై క్లచ్‌లోకి నీళ్లు పోయి, బండి కొన్నాళ్లు కదలకుండా ఉంటే, ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కు అతుక్కుపోతుంది. చేపల, రొయ్యల లారీల నుంచి కారే ఉప్పునీళ్లు కూడా కింది బోల్టులను, వైరింగ్ కనెక్టర్లను తినేస్తాయి, వారానికోసారి మంచినీళ్లతో అడుగు కడిగించండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక ఇచ్చారంటే లంకల్లోవాళ్లు బండిని మెరక మీదికి తెచ్చేసుకోవాలి. ఒకవేళ మునిగితే స్టార్ట్ చేయకండి, లాగించుకుని షెడ్డుకు తీసుకెళ్లండి. అక్కడ గేరాయిల్ కొంచెం దింపి చూడండి, పాల టీ రంగులో వస్తే మొత్తం తీసేసి కొత్తది పోయించాకే ఇంజన్ తిప్పాలి.