ఉక్కపోత ఊళ్లో ఫ్రెంచ్ మాకరాన్లు

మాకరాన్ అంటే రెండు బాదం బిళ్లల మధ్య తియ్యని పూత పెట్టిన ఫ్రెంచి మిఠాయి. ఆ బిళ్లలోకి వెళ్లే సరుకులు నాలుగే: బాదం పొడి, ఐసింగ్ షుగర్ (పిండిలా మెత్తగా ఉండే పంచదార), కోడిగుడ్డు తెల్లసొన, పంచదార. కాకినాడలో ఒక వానాకాలం నేను వేసిన మొదటి మూడు ట్రేలూ పైన నెర్రెలు విచ్చి, అడుగున కాగితానికి అంటుకుపోయి బయటికి వచ్చాయి. ప్రతిసారీ గ్రాముతో సహా తూచి వేశాను కాబట్టి లోపం కొలతల్లో లేదని తెలుసు. నాలుగోసారి అదే కొలతతో, అదే ఓవెన్‌లో చేసి, బిళ్లలను మాత్రం తలుపులు మూసిన ఏసీ గదిలో ఆరబెట్టాను. మొట్టమొదటిసారిగా వాటి అడుగున సన్నని కుచ్చుల అంచు లేచింది. అప్పటినుంచి ప్రతి దశలోనూ నేను ముందుగా చూసుకునేది ఒక్కటే: తేమ ఎక్కడ దాగి ఉంది, దాన్ని ఎలా తగ్గించాలి?

మాకరాన్ అన్న పేరు ఇటాలియన్ భాష నుంచి ఫ్రెంచిలోకి వచ్చింది. మొదట్లో ఇది జత బిళ్లల మిఠాయి కాదు, బాదం, పంచదార, తెల్లసొన కలిపి కాల్చిన ఒంటి బిస్కెట్టు. ఫ్రెంచి విప్లవ కాలంలో మఠాలు మూతపడ్డాక నాన్సీ పట్టణంలో ఇద్దరు సన్యాసినులు ఇటువంటి మాకరాన్లు చేసి అమ్ముకుని బతికారు. ఆ రకం అక్కడ ఇప్పటికీ దొరుకుతుంది. రెండు బిళ్లల మధ్య గనాష్, అంటే చాక్లెట్, క్రీము కలిపిన పూత, పెట్టే నేటి రూపం ఇరవయ్యో శతాబ్దంలో పారిస్‌లో స్థిరపడింది. 1862లో మొదలైన లాదురే దుకాణానికి చెందిన పియెర్ దెఫోంతెన్‌ను ఆ రూపానికి కర్తగా చెబుతారు. మనకు దగ్గర్లో తూత్తుకుడిలో జీడిపప్పు, తెల్లసొనతో చేసే కోన్ ఆకారపు మాకరూన్ కూడా ఈ వంశానిదే. తెల్లసొనను నురగగా గిలకొట్టి, పప్పు పొడి కలిపి, నెమ్మదైన వేడిలో ఆరబెట్టినట్టు కాల్చడం రెండింటికీ ఒకటే.

ముందు బాదం సంగతి చూడాలి. దుకాణంలో దొరికే పొట్టు తీసిన బాదం పొడి మేలే గాని, ఇంట్లో చేసుకోవాలంటే పప్పును వేడినీళ్లలో నానబెట్టి పొట్టు తీశాక, తడి ఆరేదాకా పంకా కింద ఉంచి, ఆపైన 100 డిగ్రీల ఓవెన్‌లో అరగంట పెట్టి పూర్తిగా చల్లారనివ్వాలి. చేత్తో విరిస్తే పుటుక్కున విరగాలి, వంగితే లోపల ఇంకా తేమ ఉన్నట్టే. మిక్సీలో బాదం ఒక్కటే వేసి ఆపకుండా తిప్పితే జార్ వేడెక్కి నూనె ఊరుతుంది, పొడి ముద్ద కడుతుంది. అందుచేత ఐసింగ్ షుగర్‌లో సగాన్ని బాదంతోపాటు వేసి, రెండు మూడు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పాలి. ఆ పొడిని మిగతా ఐసింగ్ షుగర్‌తో కలిపి సన్నని జల్లెడలో రెండుసార్లు జల్లించాలి. పైన మిగిలిన రవ్వను జల్లెడకేసి నొక్కి దించకూడదు, అలా దించితే బిళ్ల పైభాగం గరుకుగా వస్తుంది.

మొదటిసారి చేసేవారికి నేను చెప్పే కొలత ఇది: తెల్లసొన 100 గ్రాములు, బాదం పొడి 130 గ్రాములు, ఐసింగ్ షుగర్ 130 గ్రాములు, సన్నగా పొడి చేసిన పంచదార 90 గ్రాములు. దీనితో చిన్న సైజువి ఇరవై జతలకు పైగా వస్తాయి. మన గుడ్డులో తెల్లసొన సుమారు 30 గ్రాములు ఉంటుంది కాబట్టి మూడు నాలుగు గుడ్లు పడతాయి. అయినా గుడ్ల లెక్కన కాకుండా డిజిటల్ కాటా మీద తూచే తీసుకోవాలి. ఇక్కడ 10 గ్రాముల తేడా వస్తే పిండి జారుడే మారిపోతుంది. గుడ్లు చల్లగా ఉన్నప్పుడు పచ్చసొన గట్టిగా ఉండి తేలిగ్గా విడిపోతుంది. విడదీసిన తెల్లసొనను గిన్నెలో పోసి, చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ కాగితం కప్పి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచితే కొంత నీరు ఆవిరవుతుంది. ఇది తప్పనిసరి కాదని కొందరు చేయి తిరిగినవారు అంటారు, కాని మన వాతావరణంలో దీనివల్ల మేలే జరుగుతుందని నా అనుభవం. కొట్టడానికి గంట ముందు బయటపెట్టుకోవాలి.

గిన్నెకు జిడ్డు ఉంటే నురగ లేవదు. స్టీలు గిన్నెను నిమ్మచెక్కతో రుద్ది, కడిగి, పొడిగుడ్డతో తుడిచి వాడాలి. తెల్లసొనలో పచ్చసొన చుక్క పడినా పక్కన పెట్టేసి వేరే గుడ్డు తీసుకోవడమే మంచిది. బీటర్‌ను తక్కువ వేగంతో మొదలుపెట్టి, సబ్బు నురగలా తేలాక పంచదారను మూడు విడతలుగా వేస్తూ మధ్యస్థ వేగానికి వెళ్లాలి. తొందరపడి పూర్తి వేగం పెడితే పెద్ద బుడగలు ఏర్పడతాయి, అవే తరవాత బిళ్లలో డొల్లగా మిగులుతాయి. ఆ నురగ, అంటే మెరాంగ్, మెరుస్తూ గట్టిపడి, బీటర్ ఎత్తినప్పుడు నిక్కగా నిలిచి, కొస మాత్రం పక్షి ముక్కులా కాస్త వంగాలి. రంగు వేయదలిస్తే ఇప్పుడే, అదీ జెల్ రంగు లేదా పొడి రంగు మాత్రమే వేయాలి. నీళ్ల రంగు నాలుగు చుక్కలు పడితే అంతదాకా తగ్గించిన తేమ తిరిగి వచ్చి చేరుతుంది.

ఇక్కడ ఇటాలియన్ పద్ధతి గురించి ఒక మాట. అందులో పంచదారను నేరుగా వేయకుండా, నీళ్లతో 118 డిగ్రీల పాకం పట్టి, సన్నని ధారగా నురగలో పోస్తారు. నీళ్లలో వేస్తే ఉండ కట్టే పాకం మన ఇళ్లలో తరతరాలుగా తెలిసినదే కాబట్టి, ఆ పాకం పట్టడం వచ్చినవారికి ఇది కష్టం కాదు. ఈ మెరాంగ్ ఎక్కువసేపు దిగజారకుండా నిలుస్తుంది. పై కొలతతో రెండు మూడుసార్లు చేసి చేతికి అలవాటయ్యాక దీనికి వెళ్లమని నా సలహా.

తరవాతిది మాకరాన్ గెలుపోటములను తేల్చే దశ, ఫ్రెంచివారు దీన్ని మాకరోనాజ్ అంటారు. జల్లించిన పొడిని రెండు విడతలుగా మెరాంగ్‌లో వేసి, రబ్బరు గరిటెతో గిన్నె అంచు చుట్టూ తిప్పుతూ, అడుగు నుంచి పైకి మడుస్తూ కలపాలి. కేక్‌లోనైతే నురగ చితకకుండా చూస్తాం, ఇక్కడ మాత్రం కొంత గాలిని కావాలనే బయటికి పంపుతాం. పొడి అంతా కలిశాక గరిటెతో పిండిని గిన్నె గోడకు పరచి, మళ్లీ పోగుచేసి, ప్రతి నాలుగైదు మడతలకు ఒకసారి ఆపి చూడాలి. మొదట పిండి గరిటె నుంచి ముద్దలుగా పడుతుంది. ఇంకాస్త మడిస్తే తెగుతూ జారుతుంది. ఆ తరవాత ఇడ్లీ పిండి కంటే పలచగా, దోసె పిండి కంటే చిక్కగా, పట్టీలా తెగకుండా కిందికి దిగుతూ మడతలు పడుతుంది. ఆ మడతల గుర్తు పదిహేను ఇరవై సెకన్లలో తనలో తాను కలిసిపోతే అక్కడే ఆపేయాలి. గుర్తు అలాగే నిలిచిపోతే ఇంకో రెండు మడతలు వేయవచ్చు, పడీపడగానే మాయమైతే మాత్రం మించిపోయినట్టే, దాన్ని వెనక్కి తేలేం. అనుమానం వస్తే ఒక చెంచాడు పిండిని పళ్లెంలో వేసి చూడండి, పైన ముక్కు నిలవకుండా మెల్లగా చదును కావాలి.

పైపింగ్ బ్యాగ్‌లో, అంటే పిండి నింపి పిండే సంచిలో, 1 సెంటీమీటరు గుండ్రని నాజిల్ (కొసన బిగించే గొట్టం) పెట్టి, దాన్ని ట్రేకు నిటారుగా పట్టుకుని, బేకింగ్ కాగితం మీద 3.5 సెంటీమీటర్ల చుట్లు పిండాలి. కాగితం కింద గీసిన వలయాలు ఉంచుకుంటే అన్నీ ఒకే సైజులో వస్తాయి. ట్రేను బల్ల మీద రెండుమూడుసార్లు గట్టిగా తట్టి, పైకి తేలిన బుడగలను టూత్‌పిక్‌తో చిదమాలి. ఇక ఆరబెట్టడం. పొడి గాలి ఉన్న రోజుల్లో అరగంట చాలు. ఉక్కపోతలో గంటన్నర గడిచినా వేలికి జిగట తగులుతూనే ఉంటుంది. నేను వానాకాలంలో ట్రేను డ్రై మోడ్‌లో ఉన్న ఏసీ గదిలో పెడతాను, వంటింట్లో మాత్రం ఉంచను, అక్కడ కుక్కర్ ఆవిరి ఒక్కటే చాలు పని చెడగొట్టడానికి. వేలితో మెల్లగా రాస్తే పిండి అంటకుండా, పలచని పొర చేతికి తెలియాలి. ఆ పొర ఉంటే లోపలి ఆవిరి పైనుంచి పగలగొట్టుకుని రాలేక అడుగు అంచు నుంచి బయటపడుతుంది. అలా లేచిన కుచ్చునే ఫ్రెంచివారు పాదం అంటారు.

మన ఇళ్లలోని ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) మీటను నమ్మి కూర్చోకూడదు. నాది 150 చూపిస్తే లోపల 170 ఉండేది, ఆ సంగతి లోపల పెట్టే చిన్న థర్మామీటరు కొన్నాకే తెలిసింది. రెండు రాడ్లూ వెలిగించి, ఇరవై నిమిషాలు ముందుగా వేడిచేసి, అసలైన 150 డిగ్రీల దగ్గర ఒకసారికి ఒకే ట్రే, మధ్య అరలో 14 నుంచి 16 నిమిషాలు ఉంచాలి. కింది రాడ్ వేడికి అడుగు మాడుతుంటే రెండు ట్రేలు ఒకదాని మీద ఒకటి పెట్టండి. మొదటి ఎనిమిది నిమిషాలు తలుపు తెరవకూడదు. బిళ్లను పైనుంచి వేలితో కొద్దిగా కదిపినప్పుడు పాదం మీద ఊగితే ఇంకో రెండు నిమిషాలు కావాలి. పూర్తిగా చల్లారాకే కాగితాన్ని కిందికి లాగుతూ ఊడదీయాలి.

ఫలితాన్ని బట్టి తప్పు ఎక్కడుందో వెతకవచ్చు. పైభాగం పగిలితే ఆరడం చాలలేదు లేదా వేడి ఎక్కువైంది. పాదం లేకుండా చప్పిడిగా పరుచుకుంటే పిండిని అతిగా కలిపారు. అడుగు అంటుకుంటే కాలడం చాలలేదు. పైన ముడతలు, నూనె మరకలు వస్తే బాదం పొడిలో నూనె ఊరింది. ఒకసారికి ఒక్కటే మార్చి చూడండి, అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

లోపలి పూతలోనూ నీరు తక్కువగానే ఉండాలి. 100 గ్రాముల డార్క్ చాక్లెట్ తురుము మీద 70 గ్రాముల వేడి క్రీము పోసి, రెండు నిమిషాలాగి మధ్య నుంచి కలిపితే గనాష్ తయారవుతుంది. అది వెన్నలా గట్టిపడ్డాకే బిళ్ల మీద పెట్టాలి. మామిడి రుచి కోరేవారు తాజా గుజ్జు జోలికి పోకుండా, వైట్ చాక్లెట్ గనాష్ నడుమ వేలి గోరంత తాండ్ర ముక్క పెట్టి చూడండి. నీరు లేని మామిడి అంత చిక్కగా మరెక్కడా దొరకదు.

జత చేసినవాటిని గాలి చొరని డబ్బాలో పెట్టి 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఈలోగా పూతలోని కొద్దిపాటి చెమ్మ బిళ్లలోకి ఇంకి, పైన పెళుసుగానే ఉంటూ లోపల మెత్తబడుతుంది. ఈ పని అంతటిలోనూ తేమ మనకు సాయపడే ఘట్టం ఇదొక్కటే. తినడానికి అరగంట ముందు డబ్బాను మూతతోనే బయటపెట్టండి. చల్లటి డబ్బా మీద నీటి బిందువులు పేరుకుంటాయి, అవి పూర్తిగా ఆరిపోయేదాకా మూత తీయకండి.