పుస్తెలు చేయించే ముందు, గుచ్చిన తరువాత

తెలుగు ఇళ్లలో ఆడపిల్ల వయసు మారినప్పుడల్లా నగ కూడా మారుతుంది. మొలతాడు, మువ్వల కడియాల తరువాత చెవిపోగులు, ఓణీలనాటికి జూకాలు, పెళ్లికి పుస్తెలూ మెట్టెలూ, సీమంతానికి చేతినిండా గాజులూ వస్తాయి. వీటిలో చాలావరకు తరువాత పెట్టెలోకి చేరిపోయేవే. పుస్తెలు మాత్రం స్నానంలోనూ నిద్రలోనూ ఒంటిమీదే ఉంటాయి కనుక, వాటిని చేయించేటప్పుడు అందం కన్నా గట్టిదనం చూడాలి.

జతలో ఒక పుస్తె పుట్టింటివారు, మరొకటి అత్తింటివారు చేయించడం చాలా కుటుంబాల్లో ఆచారం. రెండూ వేర్వేరు దుకాణాల్లో తయారైతే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయ్యే ప్రమాదం ఉంది. ఫొటో పంపి ఊరుకోక, నమూనా పుస్తె వెడల్పును, బరువును కొలిచి ఇద్దరు కంసాలులకూ ఒకే లెక్క ఇవ్వండి.

22 క్యారెట్ల బంగారానికి 916 గుర్తు, దానితోపాటు అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం ఆరు ఉండే హెచ్‌యూఐడీ సంఖ్య (ప్రతి నగకూ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉండాలి. అయితే 2 గ్రాములలోపు నగలకు ఈ స్వచ్ఛత ముద్ర, అంటే హాల్‌మార్క్, తప్పనిసరి కాదు, విడి పుస్తె ఆ బరువులోపే ఉండవచ్చు. అందువల్ల బిల్లులో క్యారెట్‌ను, నికర బరువును రాయించుకోండి. లోపల లక్క నింపిన పుస్తె అయితే లక్క బరువును తీసేసి లెక్కకట్టమనాలి.

అన్నిటికన్నా ముఖ్యం తాడు దూరే గొట్టం. బిళ్ల మీద లక్ష్మీదేవి రూపు ఎంత చక్కగా ఉన్నా, అరిగేది ఈ గొట్టమే. దాన్ని మందంగా పోయించమని ముందే చెప్పండి. పుస్తెల పక్కన పిన్నీసులు తగిలించుకునే అలవాటు మా అమ్మకూ ఉండేది; బంగారం కన్నా గట్టిదైన ఆ స్టీలు, ఏళ్ల తరబడి రాసుకుని గొట్టాన్ని ఒకవైపు కాగితమంత పలచగా చేసింది.

పెళ్లినాడు మూడుముళ్లు వేసిన పసుపుతాడు నుంచి పుస్తెలను, పదహారు రోజుల పండుగనాడు గొలుసులోకి మార్చే ఇళ్లు ఎక్కువ. అప్పుడు రెండు పుస్తెల నడుమ ఒక నల్లపూసనో పగడాన్నో గుచ్చితే అవి ఒకదానినొకటి ఒరుసుకోవు. పగడం, ముత్యం పులుపుకు పాడవుతాయి కనుక, వెండి మెట్టెలను చింతపండుతో తోమినట్లు వీటిని తోమకూడదు. కుంకుడురసంలో ముంచిన మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు.

తాడు మార్చేటప్పుడు కొత్తది మెడలో వేసుకున్నాకే పాతది తీస్తారు. తాడు తెగితే ‘తెగింది’ అనరు, ‘పెరిగింది’ అంటారు. అంతవరకు రానివ్వకుండా ఏడాదికొకసారి ముడులను, గొలుసు కొక్కేన్ని, గొట్టాన్ని వెలుతురులో పట్టి చూడండి. గొట్టం పలచబడితే మాటు వేయించాలి. కంసాలికి ఇచ్చే ముందు ఎదురుగా తూకం వేయించి చీటీ తీసుకోండి. పుస్తెలు తిరిగి వచ్చేవరకు పసుపుకొమ్ము కట్టిన తాడు మెడలో ఉంటుంది.