బజారు వీధిలో దుకాణదారుల సంఘం పెట్టుకోవడం ఎలా?

మాల్‌లో ట్యూబ్‌లైటు పోతే మేనేజర్ చూసుకుంటాడు. చెత్త, పార్కింగ్, సెక్యూరిటీ అన్నింటికీ ఒక ఆఫీసు ఉంటుంది, దాని ఖర్చు అద్దెతో పాటే వసూలవుతుంది. హైదరాబాద్‌లో కోఠి, సుల్తాన్ బజార్, బేగంబజార్, సికింద్రాబాద్ జనరల్ బజార్ లాంటి చోట్ల ఆ ఆఫీసు ఉండదు. దుకాణం లోపల అద్దాలు తళతళలాడుతుంటాయి, గడప దాటితే ఎవరిదీ కాని జాగా. ఆ జాగా కోసమే సంఘం.

పేరుకు సంఘాలు లేకపోలేదు. పండుగ వస్తే అధ్యక్షుడి ఫొటోతో ఫ్లెక్సీ కనిపిస్తుంది, పండుగ అయ్యాక సంఘమూ కనిపించదు. ముందు పదవులు పంచుకుని తర్వాత పని వెతుక్కుంటే అయ్యేది ఇదే. కాబట్టి ఇక్కడ చెప్పే వరస తిరగేసి ఉంటుంది: ముందు ఒక పని, తర్వాత డబ్బు, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్.

1. ఎక్కణ్నుంచి ఎక్కడిదాకానో తేల్చుకోండి

"కోఠి వ్యాపారుల సంఘం" అని పేరు పెట్టడం తేలిక, నడపడం కష్టం. ట్రూప్ బజార్‌లో పైపులు, శానిటరీ సామాను అమ్మేవాళ్ల గొడవ లారీలతో. గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ వాళ్ల గొడవ పార్కింగ్‌తో. సుల్తాన్ బజార్‌లో చీరలు, గాజుల దుకాణాల వాళ్లది జనం రద్దీతో. ముగ్గురినీ ఒక చోట కూర్చోబెడితే మీటింగు మొత్తం ఎవరి కష్టం పెద్దదో తేల్చుకోవడానికే సరిపోతుంది. ఒక గల్లీ, లేదా రెండు చౌరస్తాల మధ్య ముక్క చాలు. నలభై యాభై షట్టర్లకు మించకుండా చూసుకోండి.

ఒక నోటు పుస్తకం పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివర దాకా నడవండి. దుకాణం పేరు, గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి పేరు, ఫోన్ నంబరు, సొంతమా అద్దెనా, ఇంతే రాసుకోండి. పాత బజార్లలో పగ్డీ మీద, అంటే ముందే పెద్ద మొత్తం కట్టి తక్కువ అద్దెకు ఏళ్ల తరబడి ఉండే పద్ధతిలో, నడిచే దుకాణాలు ఉంటాయి. ఓనరు ఎక్కడో బంజారాహిల్స్‌లో ఉంటాడు, బజారు మంచిచెడ్డలు ఆయనకు పట్టవు. సభ్యుడిగా ఉండాల్సింది రోజూ షట్టర్ ఎత్తేవాడే.

తల పైకెత్తి చూడటం మర్చిపోవద్దు. మేడమీద టైలర్లు, మగ్గం వర్కు చేసేవాళ్లు, గోదాములు, అక్కడక్కడా కాపురాలు ఉంటాయి. చాలా సంఘాల పుస్తకాల్లో వీళ్ల పేర్లే ఉండవు. తోపుడు బండ్ల వాళ్లనూ రాసుకోండి, ఎందుకో కింద చెబుతాను.

2. బోణీ అయ్యాక వెళ్లండి

సంతకం కోసమో చందా కోసమో బోణీ కాకముందు ఎవరి దుకాణం మెట్లూ ఎక్కకండి. మీరు చెప్పేది ఎంత మంచి మాటైనా ఆ రోజు బేరాలు తగ్గితే పాపం మీ ఖాతాలో పడుతుంది. సాయంత్రం అయిదు దాటితే ఎవరికీ తీరిక దొరకదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, బజారు కాస్త కునుకు తీసే మూడు గంటల వేళ మంచిది. అప్పుడు సేటు తనే "రండి, కూర్చోండి" అని చాయ్ చెబుతాడు. కుర్రవాడు వన్ బై టూ తెచ్చేలోపు మీరు అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: "ఈ వీధిలో రోజూ మీకు విసుగు తెప్పించేది ఏంటి?" సంఘం గురించి అప్పుడే ఎత్తకండి.

ఈ బజార్లలో తెలుగు, ఉర్దూ, హిందీతో పాటు మార్వాడీ, గుజరాతీ కూడా వినిపిస్తాయి. నోటీసు తెలుగు, హిందీ, ఉర్దూ మూడింట్లో ఉంటే మంచిది. వాట్సాప్ గ్రూపులో పొడుగాటి మెసేజ్ ఎవరూ చదవరు, అర నిమిషం వాయిస్ అయితే బేరం మధ్యలో కూడా వింటారు. ఆ గ్రూపులో గుడ్ మార్నింగ్ పూల బొమ్మలు పెట్టకూడదని మొదటిరోజే చెప్పేయండి. లేకపోతే నెల తిరిగేసరికి సగం మంది మ్యూట్‌లో పెట్టేస్తారు.

3. ఒకే ఒక్క పని పట్టుకోండి

ఎక్కువమంది చెప్పిన విసుగుల్లో మీ చేతిలో ఉన్నది ఎంచుకోండి. ఫ్లైఓవర్ కావాలి, మల్టీలెవల్ పార్కింగ్ కావాలి అని మొదలుపెడితే మంత్రిగారికి వినతిపత్రం ఇచ్చి ఫొటో దిగడంతో పని ముగుస్తుంది. చెత్తతో మొదలుపెట్టమని నా సలహా.

ఎందుకంటే చెత్త గొడవ చాలావరకు టైము గొడవ. కార్పొరేషన్ చెత్త బండి, అదే స్వచ్ఛ ఆటో, పొద్దున వచ్చే వేళకు షట్టర్లు మూసి ఉంటాయి. దుకాణాలు తెరిచేది పదిన్నర, పదకొండుకు. రాత్రి మూసేటప్పుడు అందరూ మూటలు గుమ్మం ముందు పెట్టి వెళ్తారు. తెల్లారేలోపు కుక్కలు, చిత్తు ఏరుకునేవాళ్లు విప్పేస్తారు. ఒకసారి ఆ మూట విప్పి చూడండి: చీరల ప్లాస్టిక్ కవర్లు, అట్టపెట్టెలు, థర్మోకోల్ ముక్కలు, పైన చాయ్ కప్పులు, టిఫిన్ పొట్లాలు. టిఫిన్ పొట్లం లేకపోతే కుక్క రాదు. అట్టపెట్టెలు విడిగా కడితే చెత్త సగానికి తగ్గుతుంది, పైగా పాత కాగితాల వాడు డబ్బులిచ్చి పట్టుకెళ్తాడు. ఆ డబ్బే సంఘం మొదటి ఆదాయం.

చేయాల్సింది ఇది. తిండి చెత్త ఒక డబ్బాలో, మిగతాది ఇంకో సంచిలో వేయాలని అన్ని దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్లకు చెప్పండి. మూట కట్టేది వాళ్లే కాబట్టి సేట్లకు చెబితే సరిపోదు. కార్పొరేషన్ సర్కిల్ ఆఫీసుకు వెళ్లి శానిటరీ జవానుతో, ఆటో డ్రైవరుతో కలిసి మాట్లాడి, దుకాణాలు తెరిచాక ఒక ట్రిప్పు వేయగలరేమో అడగండి. కుదరకపోతే రాత్రి మూటలన్నీ తలుపున్న ఒక్క చోట పెట్టి, తాళం చెవి వాచ్‌మన్‌కు ఇవ్వండి. నెల రోజులు ఇది నిలబడితే మీ సంఘం పుట్టినట్టే.

పార్కింగ్ రెండో పనిగా పెట్టుకోండి. ఇక్కడ ఒక చేదు నిజం ఉంది. పొద్దున్నే వీధి నిండేది కస్టమర్ల బండ్లతో కాదు, దుకాణదారుల బండ్లతో, వాళ్ల దగ్గర పనిచేసేవాళ్ల బండ్లతో. పదకొండింటికి పెట్టిన స్కూటీ రాత్రి తొమ్మిదింటిదాకా కదలదు. ఆ జాగాలో రోజంతా ఎంతమంది కస్టమర్లు వచ్చి పోయేవారో లెక్కేయండి. సుల్తాన్ బజార్ మీదుగా మెట్రో వద్దని అక్కడి వ్యాపారులు అప్పట్లో గట్టిగా పోరాడారు. లైను వచ్చింది, 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గం తెరుచుకుంది, ఒక స్టేషన్‌కు సుల్తాన్ బజార్ పేరే పెట్టారు. ఎలాగూ వచ్చింది కాబట్టి పనివాళ్లకు టికెట్ డబ్బులిచ్చి రైల్లో రమ్మనడం తెలివైన పని.

సరుకు దింపుకోవడానికి కూడా టైము పెట్టుకోండి. సాయంత్రం ఆరింటికి ట్రాలీ ఆటో గల్లీలోకి దూరితే అందరి బేరాలూ ఆగుతాయి. పొద్దున పదకొండులోపే దింపుకుందామని తీర్మానం చేసేముందు హమాలీలను కూర్చోబెట్టి అడగండి. వాళ్లకు అప్పటికే వేరే బజారులో పని ఉండొచ్చు.

4. బండ్ల వాళ్లను కలుపుకోండి

చాలా సంఘాలు "ఫుట్‌పాత్ మీద బండ్లు తీయించాలి" అన్న ఒక్క మాట మీదే పుడతాయి. ఇది వ్యాపారపరంగానూ తప్పు, చట్టపరంగానూ తప్పు. బండి మీద క్లిప్పులు, గాజులు చూడటానికి ఆగిన ఆడవాళ్లే నాలుగడుగులు వేసి చీరల దుకాణంలోకి వస్తారు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తిచేసి, వ్యాపార ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఉన్నవాళ్లను లేపకూడదు. వీధి వ్యాపారం సంగతులు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలని కూడా ఆ చట్టం చెబుతుంది.

ఆబిడ్స్‌లో ఆదివారం చూడండి. షట్టర్లు దించిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరుచుకుంటాయి, వాటికోసమే ఊరు నలుమూలల నుంచి జనం వస్తారు. అదే జాగా, రెండు వ్యాపారాలు.

కూర్చుని తేల్చుకోవాల్సినవి కొన్నే. దుకాణం గుమ్మం ముందు ఎంత వెడల్పు వదలాలి? అంబులెన్సు దూరేంత దారి ఉందా? తాగునీళ్లు, బాత్రూం ఎక్కడ? ఇంకోటి ఎవరూ పైకి అనరు: కొందరు దుకాణదారులు తమ ముందున్న సర్కారు ఫుట్‌పాత్‌కే బండివాళ్ల దగ్గర అద్దె తీసుకుంటారు, లోపలి నుంచి బల్బుకు వైరు లాగిచ్చి విడిగా వసూలు చేస్తారు. ఈ లెక్క బయటికి రాకుండా జరిగే రాజీ నిలవదు. బండి నడిపే అక్కనో భాయినో ఒకరిని కమిటీలోకి తీసుకోండి. వాళ్లకు పీఎం స్వనిధి (వీధి వ్యాపారులకు కేంద్రం పెట్టిన చిన్న రుణాల పథకం) లోను దరఖాస్తు నింపడంలో సాయం చేస్తే పరిచయం ఇంకా గట్టిపడుతుంది.

5. నిప్పు సంగతి వాయిదా వేయకండి

2025 మే 18న చార్మినార్ పక్కనున్న గుల్జార్ హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన కాపురం ఉన్న భవనం అంటుకుని 17 మంది చనిపోయారు. బయటికి రావడానికి ఇరుకు దారి ఒక్కటే. మన పాత బజార్లలో అలాంటి భవనాలు లేని గల్లీ దొరకదు.

ఒక ఆదివారం ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని అన్ని మెట్లూ ఎక్కండి. మెట్ల మీద సరుకు పేర్చి ఉంటే దింపించండి. మీటర్ బోర్డు పక్కన అట్టపెట్టెలు ఉండకూడదు. మంటలార్పే సిలిండర్ గోడకు ఉంటే చాలదు, దాని మీటరులో ముల్లు పచ్చరంగు మీద ఉందో లేదో చూడండి, కుర్రాళ్లలో ఇద్దరికి పిన్ను లాగడం నేర్పించండి. రాత్రి పైన ఎవరెవరు పడుకుంటారో జాబితా వాచ్‌మన్ దగ్గర ఉండాలి. ఫైర్ నంబరు 101 అని ప్రతి షట్టర్ లోపలివైపు రాయించండి.

కెమెరాలు కూడా ఇదే ఊపులో కలిసి పెట్టించుకోవచ్చు. జనం ఎక్కువగా వచ్చే సంస్థలు సీసీటీవీ పెట్టి, 30 రోజుల రికార్డింగు దాచాలని 2013 నుంచి చట్టమే ఉంది. పోలీసుల "నేను సైతం" కార్యక్రమం కింద వీధి కెమెరాలకు నలుగురూ ఖర్చు పంచుకున్న బజార్లున్నాయి.

6. డబ్బు

షట్టరుకు ఇంత అని నెలకు చిన్న మొత్తం పెట్టండి, బండ్లకు అందులో నాలుగో వంతు. రసీదు పుస్తకం మొదటిరోజు నుంచే ఉండాలి. నెలాఖరున లెక్క కాగితం ఫొటో తీసి గ్రూపులో పెట్టండి. రిజిస్ట్రేషన్ అయ్యాక అధ్యక్షుడి సొంత ఫోన్‌పే నంబరుకు ఒక్క రూపాయి కూడా వెళ్లకూడదు.

వినాయక చవితి ముందు బజారులో ప్రతి దుకాణానికీ రోజూ ఒక చందా బృందం వస్తుంది. "మా వీధి తరఫున సంఘం ఇస్తుంది, అక్కడ అడగండి" అని చెప్పగలగడమే సభ్యత్వం తీసుకోవడానికి చాలామందికి సరిపోయే కారణం. ఎవరికి ఎంత అనేది ముందే తీర్మానం చేసి గోడమీద అంటించండి.

రెండింటికి మాత్రం దూరంగా ఉండండి. ఒకటి, సంఘం పేరుతో చిట్టీలు. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా చిట్టీ నడపడం నేరం, ఒక్కడు ఎగ్గొడితే సంఘమూ పోతుంది. రెండు, "ఈ ధరకు తక్కువ ఎవరూ అమ్మొద్దు" అనే తీర్మానం. వ్యాపార సంఘాలు ధరలు కట్టడి చేయడాన్ని 2002 కాంపిటిషన్ చట్టం ఒప్పుకోదు. గ్రూపులో సరదాకు కూడా అలాంటిది రాయకండి.

7. ఇప్పుడు రిజిస్టర్ చేయించండి

సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు కావాలి. సంఘం పేరు, చిరునామా, ఆశయాలు, మొదటి కమిటీ పేర్లతో మెమొరాండం, నడిపే పద్ధతితో బైలాస్, సభ్యుల గుర్తింపు కార్డులు, ఆఫీసు చిరునామాకు ఆధారం పట్టుకుని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దరఖాస్తు చేయాలి. ఎవరి దుకాణం మేడమీదో ఒక గది చాలు, యజమాని అంగీకారపత్రం తీసుకోండి.

బైలాస్ బజారులో దొరికే నమూనా కాపీ కొట్టకండి. కమిటీ గడువు రెండేళ్లు, ఒకే మనిషి వరసగా రెండుసార్ల కంటే అదే పదవిలో ఉండకూడదు, దుకాణం నడిపే ఆడవాళ్లకు, బండ్లవాళ్లకు చోటు ఉండాలి. ఈ మూడూ అచ్చులో ఉండాలి. తర్వాత పాన్ కార్డు, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా.

రిజిస్టర్ అయ్యాక చేసే పనులు చాలావరకు వెంటపడటమే. గుంత, మురుగు, వీధిదీపం దేనికైనా కార్పొరేషన్ నంబరు 040-21111111, కరెంటుకు 1912, నీళ్లకు 155313. ఒకే సమస్య మీద పదిమంది పది తీర్లుగా అడగడం కంటే, ఒకరు ఫిర్యాదు చేసి ఆ నంబరు గ్రూపులో పెట్టి, మిగతావాళ్లు అదే నంబరు మీద అడిగితే పని త్వరగా అవుతుంది. ట్రేడ్ లైసెన్సుల గడువు డిసెంబరు 31తో ముగుస్తుంది కాబట్టి డిసెంబరులో ఒక మధ్యాహ్నం లాప్‌టాప్ పెట్టుకుని అందరివీ రెన్యువల్ చేయించండి. పెనాల్టీ తప్పినవాడు చందా ఎగ్గొట్టడు.

సర్వసభ్య సమావేశం దసరా తర్వాత పెట్టుకుంటే బాగుంటుంది. జమ్మి ఆకు చేతిలో పెట్టి అలయ్ బలయ్ చెప్పుకోవడానికి ఎలాగూ అందరూ దుకాణం దుకాణం తిరుగుతారు, ఏడాదంతా మాటల్లేని ఇద్దరు కూడా ఆ ఒక్కరోజు చేతులు కలుపుతారు. సమావేశం అయిన 15 రోజుల్లోపు కొత్త కమిటీ జాబితాను రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. దాంతోపాటే తీర్మానం కాపీ తీసుకెళ్లి బ్యాంకులో పాత కోశాధికారి సంతకం తీయించి, కొత్తవారిది పెట్టించండి. పాతాయన దుకాణం అమ్ముకుని వెళ్లిపోయాక సంతకం కోసం ఆయన చుట్టూ తిరగడం కంటే అదేరోజు స్కూటర్ ఎక్కించుకుని బ్యాంకుకు తీసుకెళ్లడం నయం.