ఓడ ఉద్యోగంలో మీ హక్కులు కాపాడుకోవడం ఎలా?

ఓడ యజమాని ఒక దేశంలో ఉంటాడు. ఓడ మీద ఎగిరే జెండా, అంటే ఓడ రిజిస్టరైన దేశం, పనామాదో, లైబీరియాదో. మిమ్మల్ని పనిలో పెట్టిన ఏజెంటు ఇంకెక్కడో. జీతం ఆగితే ఎవరిని అడగాలో తెలియని పరిస్థితి అక్కడే మొదలవుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో ఆమోదించిన సముద్ర కార్మిక ఒప్పందం ఈ చిక్కు కోసం వచ్చిందే. 2013 ఆగస్టు 20 నుంచి అమల్లో ఉంది, ఓడల్లో దీన్ని ఎంఎల్‌సీ అంటారు. చేపల వేట ఓడలకు, యుద్ధనౌకలకు ఇది వర్తించదు. ఒప్పందంలో హక్కు ఉండటం వేరు, దాన్ని రాబట్టుకోవడం వేరు. రాబట్టుకోవాలంటే కాగితాలు కావాలి, అవి కంపెనీ ఫైల్లో కాకుండా మీ దగ్గర ఉండాలి.

1. ఎక్కకముందు ఓడ సంగతి తెలుసుకోండి

ఏజెంటును ఓడ పేరు అడిగి ఊరుకోకండి, ఐఎంఓ నంబరు, అంటే ఓడ శాశ్వత గుర్తింపు సంఖ్య, అడగండి. పేరు మారుతుంది, జెండా మారుతుంది, యజమాని మారతాడు. ఏడంకెల ఈ నంబరు మాత్రం ఓడ తుక్కు అయ్యేదాకా మారదు. ఈక్వాసిస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా రిజిస్టరై ఆ నంబరు కొడితే, ఓడను ఏ రేవుల్లో తనిఖీ చేశారో, ఎక్కడ ఆపేశారో కనిపిస్తుంది. సిబ్బందిని గాలికి వదిలేసిన ఓడల జాబితాను అంతర్జాతీయ కార్మిక సంస్థ వెబ్‌సైట్‌లో పెట్టింది, అదీ చూడండి.

ఉద్యోగం ఇప్పించినందుకు మీ దగ్గర ఫీజు తీసుకోవడం ఎంఎల్‌సీ ప్రకారం నిషిద్ధం. పాస్‌పోర్టు, సీమెన్ బుక్ (నావికుల గుర్తింపు పుస్తకం), మీ దేశ నిబంధనల ప్రకారం చేయించాల్సిన మెడికల్ సర్టిఫికెట్ ఖర్చులు మీవి కావచ్చు. వీసా ఖర్చు యజమానిది. "సర్వీస్ చార్జీ" అన్న మాట వినిపిస్తే అక్కణ్నుంచి లేచి రావడమే మంచిది.

2. కాంట్రాక్టు చదవకుండా సంతకం పెట్టకండి

సంతకానికి ముందు చదువుకోవడానికి, తెలిసినవాళ్లను అడగడానికి సమయం ఇవ్వడం వాళ్ల బాధ్యత. బేసిక్ జీతం ఎంత, ఓవర్‌టైమ్ లెక్క ఎలా, నోటీసు ఎన్ని రోజులు, ఇంటికి పంపే ఖర్చు ఎవరిది అన్నవి చూడండి. నెలకు కనీసం 2.5 రోజుల చొప్పున జీతంతో కూడిన సెలవు జమ కావాలి. మీరూ, యజమాని తరఫువాళ్లూ సంతకం చేసిన ప్రతి మీకివ్వాలి. ఓడ ఎక్కాక తక్కువ జీతంతో ఇంకో కాగితం ముందు పెడితే, మొదటిది ఫోన్‌లో ఫొటోగానైనా ఉండాలి.

3. విశ్రాంతి గంటలు మీరే రాసుకోండి

అబద్ధాలు ఎక్కువగా రాసేది ఇక్కడే. ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఉండాలి. లేదా పనికి పరిమితి పెట్టి, రోజుకు 14 గంటలు, వారానికి 72 గంటలు దాటనివ్వకూడదు. ఏ పద్ధతి అన్నది జెండా దేశం నిర్ణయిస్తుంది. ఆ 10 గంటలను రెండు ముక్కలకు మించి విడగొట్టకూడదు, అందులో ఒకటి కనీసం 6 గంటలు ఉండాలి. ప్రమాదం వచ్చినప్పుడు కెప్టెన్ ఎంతసేపైనా పని చేయించవచ్చు, ఆ తర్వాత దానికి సరిపడా విశ్రాంతి ఇవ్వాలి.

విశ్రాంతి గంటల రికార్డు మీద మీరు, కెప్టెన్ సంతకం చేస్తారు, ఒక ప్రతి మీకు రావాలి. నెలంతా నిమిషం తేడా లేకుండా ఒకేలా ఉన్న రికార్డు చూస్తే ఏ ఇన్‌స్పెక్టరుకైనా అనుమానం రావాలి. అయినా అలాంటివి చెల్లిపోతుంటాయి. అందుకే వాచ్ (కాపలా డ్యూటీ) ఎప్పుడు దిగారు, ఓడను రేవుకు తాళ్లతో కట్టడానికి ఏ వేళ లేపారు, ప్రమాద సన్నాహక డ్రిల్ ఎంతసేపు సాగిందన్నది చిన్న డైరీలో ఏరోజుకారోజు రాయండి. ఇంటికొచ్చాక గుర్తుచేసుకుని రాసింది అంత బలంగా నిలవదు.

4. జీతం ఆగితే రెండో నెల దాటనివ్వకండి

జీతం నెలనెలా రావాలి, లెక్క చీటీతో సహా. డబ్బు అందిందో లేదో ఇంట్లోవాళ్లను అడుగుతూ ఉండండి. కనీసం రెండు నెలల జీతం ఎగ్గొట్టి యజమాని తెగతెంపులు చేసుకున్నా, తిండీ నీళ్లూ లేకుండా వదిలేసినా, ఇంటికి పంపే ఖర్చు భరించకపోయినా దాన్ని సిబ్బందిని వదిలేయడం కిందే లెక్కగడతారు. 2017 జనవరి నుంచి ఇందుకోసం ఓడకు బీమా లాంటి హామీ తప్పనిసరి. నాలుగు నెలల దాకా బకాయి జీతం, ఇంటికి ప్రయాణం, తిండి, నీరు, వైద్యం అందులోంచి వస్తాయి. ఆ హామీ సర్టిఫికెట్‌ను ఓడలో అందరికీ కనిపించేలా అతికించాలి. ఎక్కిన రోజే ఫొటో తీసుకోండి, ఎవరికి ఫోన్ చేయాలో దాని మీదే ఉంటుంది.

5. ఫిర్యాదు దారులు

ముందు ఓడలోనే పై అధికారికి రాతపూర్వకంగా ఇవ్వొచ్చు, నేరుగా కెప్టెన్‌కూ ఇవ్వొచ్చు. అయితే బయటికి వెళ్లాలంటే ఈ మెట్లన్నీ ఎక్కాలని రూలు లేదు. రేవు దేశపు తనిఖీ అధికారికి చెబితే మీ పేరు గోప్యంగా ఉంచాలి. ఐటీఎఫ్, అంటే అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య, ఇన్‌స్పెక్టర్లు చాలా రేవుల్లో ఉంటారు. సీఫేరర్‌హెల్ప్ అనే ఉచిత హెల్ప్‌లైన్ 24 గంటలూ పనిచేస్తుంది. కోపంలో పని ఆపేసే ముందు వీళ్లతో మాట్లాడండి. కొన్ని దేశాల్లో అది మీ మీదే కేసు అవుతుంది.

6. దిగేటప్పుడు సంతకాల దగ్గర జాగ్రత్త

ఏకధాటిగా 11 నెలలకు మించి ఓడలో ఉంచకూడదు. ఇంటికి పంపే ఖర్చు జీతంలోంచి కోయకూడదు, మీ వైపు తీవ్రమైన తప్పు తేలితే తప్ప. బకాయి ఉండగా "అన్నీ ముట్టాయి" అన్న కాగితం మీద సంతకం పెట్టకండి.

అర్థం కాని కోర్టు కాగితాలైతే అసలు ముట్టుకోవద్దు. 2017లో ఈజిప్టులో ఆపేసిన ఎంవీ అమన్ ఓడకు అక్కడి కోర్టు ఒక అధికారిని చట్టపరమైన సంరక్షకుడిగా, అంటే ఓడను వదిలి వెళ్లకూడని బాధ్యుడిగా, ప్రకటించింది. ఆ ఆదేశం అర్థమేంటో ఆయనకు అప్పుడు తెలియలేదు. దాంతో ఆయన 2021 ఏప్రిల్ దాకా ఇంటికి రాలేకపోయాడు, చివరికి ఓడలో ఒంటరిగా మిగిలాడు. ఐటీఎఫ్ ప్రతినిధి ఒకరు ఆ బాధ్యత తీసుకున్నాకే విడుదలయ్యాడు.

దిగిపోయినా బకాయి మీద హక్కు పోదు. చాలా దేశాల్లో సిబ్బంది జీతం బాకీ ఓడనే అంటిపెట్టుకుని ఉంటుంది, యజమాని మారినా సరే. ఓడను కోర్టు ద్వారా ఆపించి వసూలు చేసుకోవచ్చు. గడువు మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది, కొన్నిచోట్ల ఏడాదే. కాబట్టి ఇంటికి చేరిన వారంలోనే యూనియన్‌నో, సముద్ర చట్టం తెలిసిన లాయర్నో కలవండి.