ఇంట్లో రికార్డింగ్ గది: ఫోమ్ కొనే ముందు ఇవి చూసుకోండి

గోడలకు అంటించే ఫోమ్ శబ్దాన్ని బయటికి పోకుండా ఆపదు. ఈ ఒక్క ముక్క మొదట్లో ఎవరైనా చెప్పి ఉంటే నాకు రెండు రోజుల చాకిరీ తప్పేది. గదంతా నల్లటి ఫోమ్ ముక్కలు అంటించి, తలుపేసుకుని గొంతెత్తి పాడి బయటికొస్తే, పక్కింటాయన రెండో చరణంలో ఎక్కడ తప్పానో కూడా చెప్పాడు. లోపలేమో గొంతు దుప్పటి కింద నుంచి వచ్చినట్టుంది. ఒళ్లు మండి పీకేస్తే జిగురుతో పాటు గోడ పెచ్చులూ ఊడొచ్చాయి.

రెండు వేర్వేరు పనుల్ని ఒకటే అనుకోవడం నేను చేసిన తప్పు. గదిలో మారుమోత తగ్గించడం ఒక పని, దానికి మెత్తగా, గాలి దూరేలా ఉండే సరుకు కావాలి. శబ్దం గోడ దాటకుండా చూడటం ఇంకో పని, దానికి బరువు కావాలి, సందుల్లేకుండా మూసి ఉండాలి. 1895 ప్రాంతంలో అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో వాలెస్ సబీన్ అనే ఫిజిక్స్ మాస్టారు ఒక లెక్చర్ హాల్లో మాటలు అర్థం కావట్లేదంటే, రాత్రిళ్లు దగ్గర్లోని థియేటర్ నుంచి సీట్ల మెత్తలు తెచ్చి పేర్చి, ఆర్గాన్ గొట్టం మోగించి, మోత ఎంతసేపటికి ఆగుతుందో స్టాప్‌వాచీతో కొలిచాడు. మెత్తలు పెరిగేకొద్దీ మోత తగ్గింది. మన ఫోమ్ చేసేదీ ఆ పనే, అంతకుమించి ఏమీ లేదు.

కాబట్టి డబ్బు తీసే ముందు మీ గోల ఏంటో తేల్చుకోండి. మీ పాట బయటికి పోకూడదా, బయటి రొద మైక్‌లోకి రాకూడదా, లేక గది గంగాళంలా మోగుతోందా? మూడోదే అయితే పాడేవాళ్ల వెనక రెండు మందపాటి బొంతలు వేలాడదీసి, కార్డియాయిడ్ మైక్ (ముందు శబ్దాన్ని బాగా పట్టి, వెనక శబ్దాన్ని తక్కువ పట్టే మైక్) వీపు మోత ఎక్కువ వచ్చే వైపు తిప్పి పెడితే సగం పని అయిపోతుంది.

మొదటి రెండింటికీ తలుపు దగ్గర మొదలుపెట్టండి. రెండు మీటర్ల ఎత్తు తలుపు కింద రెండు సెంటీమీటర్ల సందు ఉందంటే మొత్తం వైశాల్యంలో నూటికో వంతు తెరిచి ఉన్నట్టే, ఆ ఒక్క వంతు వల్లే మిగతా తలుపు ఎంత బరువైనదైనా అది శబ్దాన్ని తగ్గించడం 20 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే లెక్క) దగ్గరే ఆగిపోతుంది. రాత్రి గదిలో లైట్లన్నీ ఆపి కూర్చోండి, ఎవరినైనా బయట నుంచి తలుపు చుట్టూ టార్చ్ తిప్పమనండి. వెలుగు కనబడిన ప్రతిచోటా శబ్దమూ పోతోంది. రబ్బరు పట్టీ వేశాక మధ్యలో కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగండి, సులువుగా జారి వచ్చేస్తే పట్టీ నొక్కుకోవట్లేదన్నమాట. డొల్ల తలుపైతే మీద ఒక మందపాటి ప్లైవుడ్ షీటు బిగించొచ్చు కానీ ముందు బందులు ఆ బరువు మోస్తాయో లేదో చూసుకోండి.

సందులు వెతికే ఊపులో స్విచ్‌బోర్డు డబ్బా తెరిచి లోపల దూది, ఫోమ్ కుక్కొద్దు. వైర్లు వేడెక్కితే అంటుకునేది అక్కడే. గోడకు మేకు కొట్టే ముందు కూడా లోపల వైరు ఎటు పోయిందో కనుక్కోండి.

బరువు పెంచడంలో ఆశ ఎక్కువ పెట్టుకోవద్దు. గోడ బరువు రెట్టింపు చేస్తే లెక్క ప్రకారం అవతలికి పోయే శబ్దం ఇంకా తగ్గేది ఓ 6 డెసిబెల్స్, చెవికి శబ్దం సగమైనట్టు అనిపించాలంటే 10 దాకా తగ్గాలి. పైగా 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు చదరపు మీటరుకు సుమారు 8 కిలోలు ఉంటుంది, మూడు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల ఎత్తు గోడకు ఒక్క పొరే 60 కిలోల లెక్క. జిగురు మీద నమ్మకంతో వేలాడదీసే బరువు కాదది, ఫాల్స్ సీలింగ్‌కైతే అసలు వద్దు. ఇక డ్రమ్స్, బేస్ గిటార్ సంగతంటారా, వాటిలోని 100 హెర్ట్జ్ లాంటి లోతైన మోత అల పొడవే మూడు మీటర్లు దాటుతుంది, తక్కువ ఖర్చులో దాన్ని ఆపలేం. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, అందరికీ ప్రశాంతం.

అన్నిటికంటే నాకు టెన్షన్ పెట్టేది నిప్పు. 2003లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఒక నైట్‌క్లబ్‌లో బాణసంచా రవ్వలు గోడలకో, సీలింగ్‌కో ఉన్న ఫోమ్‌కు తగిలి 100 మంది, 2013లో బ్రెజిల్‌లో అలాగే 242 మంది చనిపోయారు. రెండుచోట్లా ఆ ఫోమ్‌ను పెట్టింది శబ్దం కోసమే. ఇలాంటి ఫోమ్ తయారయ్యే పాలియురేథేన్ క్షణాల్లో అంటుకుంటుంది, పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్ ఉంటాయి. ఇంట్లో బాణసంచా ఎవరూ కాల్చరు, నిజమే, కానీ సోల్డరింగ్ ఐరన్ ఉంటుంది, ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఆరు అడాప్టర్లు ఉంటాయి. ప్యాకింగ్‌లో వచ్చిన ఫోమ్, గుడ్ల అట్టలు గోడకెక్కించొద్దు. గుడ్ల అట్టలు ఎలాగూ ఏమీ ఆపవు, మంటకు మాత్రం బాగా పనికొస్తాయి. పొగ అలారం ఒకటి తప్పకుండా పెట్టండి.

రాక్‌వూల్, గ్లాస్‌వూల్ (రాయి, గాజు కరిగించి తీసిన నారతో చేసే పలకలు) త్వరగా అంటుకోవు, శబ్దాన్నీ బాగా పీల్చుకుంటాయి, అందుకే ఇప్పుడు నేను వాడేవి అవే. కోసేటప్పుడు మాస్కు, కళ్లద్దాలు, గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా ఉండాలి, లేదంటే ఆ నార చర్మం మీద పడి రాత్రంతా దురద. చెక్క ఫ్రేములో పెట్టి గుడ్డ చుట్టండి. నోటితో ఊదితే గాలి అవతలికి పోయే గుడ్డే వాడాలి. గోడకు ఆనించకుండా కాస్త ఎడం వదిలితే పీల్చుకోవడం మెరుగవుతుంది, బయటి గోడైతే చెమ్మ పట్టి వెనక బూజు కమ్మే బాధా తగ్గుతుంది.

సందులన్నీ మూశాక గాలి సంగతి గుర్తొస్తుంది. ఫ్యాన్ మోతకు భయపడి అదీ ఆపేస్తే చిన్న గదిలో ఇద్దరు గంట కూర్చునేసరికి తల బరువెక్కి ఆవలింతలు వస్తాయి, పాట బాగాలేదని మళ్లీ మళ్లీ పాడుతుంటారు, నిజానికి కావాల్సింది గాలి. టేక్‌కూ టేక్‌కూ మధ్య తలుపు తీసేయండి. బొగ్గు కుంపటి, గ్యాస్ హీటర్ లాంటివి ఆ గదిలోకి తేవొద్దు, ప్రాణాలు పోతాయి.

కిటికీకి ప్లైవుడ్ మూత పెడితే స్క్రూలు బిగించొద్దు, ఏదైనా జరిగితే బయటపడేలా లోపలి నుంచి చేత్తో లాగితే ఊడి రావాలి. తలుపుకు గడియ వేసుకోవద్దు. అన్నీ అయ్యాక ఒకసారి లైట్లు ఆపేసి, కుర్చీలోంచి లేచి చీకట్లో తలుపు దాకా నడిచి చూడండి. నేను నడిచిన మొదటిసారి హెడ్‌ఫోన్ వైరు కాలికి చుట్టుకుని మైక్ స్టాండ్ మీద పడ్డాను, ఇప్పుడు స్టాండ్ తలుపుకు ఎదురు మూలలో ఉంటుంది.