వడ్డీ తగ్గినా డాలరు ఎందుకు ఎక్కింది? ప్రకటన రాత్రిని చదివే పద్ధతి

2024 డిసెంబరు 18, రాత్రి పదకొండు గంటలు. ఖమ్మం నుంచి మా తమ్ముడి ఫోను. "అక్కా, ఈ రాత్రి అమెరికాలో వడ్డీ తగ్గిస్తారట. వడ్డీ తగ్గితే డాలరు దిగుతుంది కదా, మిగిలిన ఫీజు మొత్తం రేపు పంపనా?" వాడి కూతురు టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతోంది. జనవరి మధ్యలోగా 14,000 డాలర్లు కట్టాలి. డాలరు ఒక్క రూపాయి అటూ ఇటూ అయితే వాడికి 14,000 రూపాయలు. వాడు నడిపేది చిన్న ఎరువుల దుకాణం.

అర్ధరాత్రి దాటాక పన్నెండున్నరకు అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) అందరూ అనుకున్నట్టే పావు శాతం తగ్గించింది. రేటు 4.25–4.50 శాతానికి వచ్చింది. డాలరు మాత్రం ఎక్కింది. అమెరికా షేర్ల సూచీ డౌ జోన్స్ 1,100 పాయింట్లకు పైగా పడింది. తెల్లారి మన బజారు తెరవగానే రూపాయి మొదటిసారి డాలరుకు 85 దాటి పడింది.

ముంబైలో ఒక బ్యాంకు డీలింగ్ రూములో, అంటే కరెన్సీలు కొని అమ్మే విభాగంలో, ఇరవై రెండేళ్లు పనిచేశాను. మా తమ్ముడు అడిగిన ప్రశ్నే పెద్ద పెద్ద ఎగుమతిదారుల నోట కూడా విన్నాను. ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పకపోవడం వల్ల కష్టపడి సంపాదించిన డబ్బు పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. అందుకే నేను పాటించిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ప్రకటనకు ముందురోజు సాయంత్రం, బజారు దేన్ని ఖాయమనుకుంటోందో ఒక్క వాక్యంలో రాయండి. అమెరికా వడ్డీ విషయంలో షికాగోకు చెందిన సీఎంఈ సంస్థ ఫెడ్‌వాచ్ పేజీ ఉచితంగానే దొరుకుతుంది. ఏ నిర్ణయానికి ఎంత శాతం అవకాశం ఉందో అందులో కనిపిస్తుంది. రిజర్వ్ బ్యాంకు విషయంలోనైతే ఆర్థికవేత్తల అంచనాలు సమావేశానికి ముందే వ్యాపార పత్రికల్లో వస్తాయి. గుంటూరు యార్డులో పంట తక్కువని కబురు అందిన రోజే మిర్చి ధర ఎక్కుతుంది, బస్తాలు దిగేదాకా ఎవరూ ఆగరు. డబ్బు బజారూ అంతే. ఆ డిసెంబరులో పావు శాతం కోత చాలా రోజుల ముందే డాలరు ధరలో కలిసిపోయింది. ఆ రాత్రి అందులో కొత్తేమీ లేదు.

కొత్త విషయం రెండుచోట్ల ఉంది. ఫెడ్ ఏడాదికి ఎనిమిదిసార్లు సమావేశమవుతుంది. మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు సమావేశాల్లో సభ్యులు ఒక్కొక్కరూ రేటు ముందుముందు ఎక్కడ ఉంటుందనుకుంటున్నారో చుక్కలు పెట్టి చూపిస్తారు. సెప్టెంబరు పట్టికలో 2025కు నాలుగు కోతలు కనిపించాయి. డిసెంబరు పట్టికలో రెండే మిగిలాయి. అంటే వడ్డీ అనుకున్నంత తగ్గదని, అందుకే డాలరు ఎక్కింది. ఇక రెండోది ప్రకటనలోని భాష. పాత ప్రకటననూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టుకుని, మారిన మాటల కింద ఎర్ర పెన్నుతో గీత గీయండి. రెండు పేజీలు కూడా ఉండవు, పది నిమిషాల పని. ఆ రాత్రి నా పెన్ను ఒకచోట ఆగింది: ఇకపై మార్పులు "ఎంత మేర, ఎప్పుడు" అన్నది పరిశీలిస్తామని కొత్తగా చేర్చారు. ఇక తొందరపడబోమని చెప్పడానికి వాళ్లు వాడిన మర్యాద భాష అది.

ప్రకటన వచ్చిన అరగంటకు ఛైర్మన్ విలేకరులతో మాట్లాడతారు. మన గడియారంలో అది ఎండాకాలంలో రాత్రి పన్నెండు, చలికాలంలో ఒంటిగంట. అది పూర్తయ్యేదాకా ఏ నిర్ణయమూ తీసుకోకండి. మొదటి అరగంటలో ఒకవైపు వెళ్లిన ధర, రెండో అరగంటలో పూర్తిగా వెనక్కి తిరగడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. ఒక్క అంకె మాత్రమే చూసే ఓపిక ఉంటే అమెరికా రెండేళ్ల ప్రభుత్వ బాండు (ప్రభుత్వం అప్పు తీసుకుని ఇచ్చే పత్రం) రాబడి చూడండి. వడ్డీ ఎటు పోతుందని బజారు నమ్ముతోందో అందులో తెలుస్తుంది.

దీనికి తిరగేసిన ఉదాహరణ జపాన్. 2024 మార్చి 19న బ్యాంక్ ఆఫ్ జపాన్ పదిహేడేళ్ల తర్వాత మొదటిసారి వడ్డీ పెంచి, సున్నా కంటే తక్కువ వడ్డీ విధానానికి స్వస్తి చెప్పింది. యెన్ బలపడాలి కదా? అదే రోజు డాలరుకు 150 దాటి బలహీనపడింది. పెంపు కబురు ముందే పత్రికలకెక్కింది, పైగా అప్పులు చవకగా దొరికే పరిస్థితులు ఇంకొంతకాలం ఉంటాయని బ్యాంకు చెప్పింది.

రాజకీయాల దగ్గర లెక్క మారుతుంది. ఇక్కడ నేను చూసే గుర్తు ఒక్కటే. సాధారణంగా ఒక దేశపు బాండ్ల రాబడి పెరిగితే ఆ కరెన్సీ బలపడుతుంది, ఎక్కువ వడ్డీ కోసం డబ్బు వస్తుంది కాబట్టి. రాబడి పెరుగుతూ ఉండగానే కరెన్సీ పడిపోతుంటే మాత్రం ఆ దేశాన్ని నమ్మి అప్పు ఇచ్చేవాళ్లు వెనకడుగు వేస్తున్నారని అర్థం.

నేను దాన్ని కళ్లారా చూసింది 2022 సెప్టెంబరు 26, సోమవారం తెల్లవారుజామున. అంతకు ముందు శుక్రవారం బ్రిటన్ ఆర్థిక మంత్రి క్వాసీ క్వార్టెంగ్ 4,500 కోట్ల పౌండ్ల పన్ను కోతలు ప్రకటించారు. ఆ సొమ్ము ఎక్కడి నుంచి వస్తుందో చెప్పలేదు, స్వతంత్ర సంస్థ అంచనాలూ జత చేయలేదు. మా తెరమీద పౌండుకు ఎప్పుడూ రెండు ధరలు ఉంటాయి, కొనేది ఒకటి, అమ్మేది ఒకటి. మామూలు రోజుల్లో వాటి మధ్య తేడా నాలుగో దశాంశం దగ్గర ఉంటుంది. ఆ ఉదయం రెండు అంకెలూ ఒకదానికొకటి దూరంగా జరిగిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. ధర చెప్పేవాడికే తన ధర మీద నమ్మకం లేదన్నమాట. లండన్ ఇంకా నిద్రలో ఉంది, కొనేవాళ్లు లేరు. పౌండు 1.04 డాలర్ల కిందికి జారి, చరిత్రలోనే కనిష్ఠానికి చేరింది. బ్రిటన్ బాండ్ల రాబడి మాత్రం ఎగబాకుతూనే ఉంది. రెండు రోజులకు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ దీర్ఘకాలిక బాండ్లు కొంటామని ముందుకు రావలసి వచ్చింది. అక్టోబరు 20న ప్రధాని లిజ్ ట్రస్ రాజీనామా ప్రకటించారు.

ఇంతకన్నా ప్రమాదకరమైన వార్త, కేంద్ర బ్యాంకు కుర్చీ మీద ప్రభుత్వం చెయ్యి వేయడం. టర్కీలో కేంద్ర బ్యాంకు గవర్నరు నాజీ అగ్బాల్ 2021 మార్చి 18న వడ్డీని 19 శాతానికి పెంచారు. రెండు రోజుల్లో అధ్యక్షుడు ఎర్దొగాన్ ఆయన్ను తీసేశారు. సోమవారం బజారు తెరవగానే డాలరుకు 7.2 దగ్గర ఉన్న అక్కడి కరెన్సీ లీరా 8 దాటి పడింది. ధరలు మండుతున్నా ఆ ఏడాది చివరికి వడ్డీని 14 శాతానికి దించారు. 2022 అక్టోబరుకు అక్కడి ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది. జీతం చేతికొచ్చిన రోజే సరుకులు కొనుక్కోవలసిన కుటుంబాల మీద పడ్డ భారం అది. అందుకే కేంద్ర బ్యాంకు స్వేచ్ఛ గురించి మాట్లాడితే నేను గొంతు పెంచుతాను. అమెరికాలోనూ 2025 ఏప్రిల్‌లో సుంకాల ప్రకటన తర్వాత బాండ్ల రాబడి పెరిగింది, డాలరు పడింది. ఏప్రిల్ 21న అధ్యక్షుడు ట్రంప్ ఫెడ్ ఛైర్మన్ పావెల్‌ను తిట్టిపోశాక, ఇతర ప్రధాన కరెన్సీలతో పోల్చి డాలరు బలాన్ని చూపే డాలరు సూచీ మూడేళ్ల కనిష్ఠానికి వెళ్లింది. నోటుపుస్తకంలో రాజకీయ వార్త రాసేటప్పుడు పక్కన ఒక్క ప్రశ్న రాసుకోండి: ఇది పన్నులు, సుంకాల సంగతా, కేంద్ర బ్యాంకు కుర్చీ సంగతా? రెండోదైతే దాని ప్రభావం ఒక్క రోజుతో ఆగదు.

రూపాయికి మరో మెలిక ఉంది. రిజర్వ్ బ్యాంకు ప్రభుత్వ బ్యాంకుల ద్వారా డాలర్లు అమ్మి పతనాన్ని నెమ్మదింపజేస్తుంది. కాబట్టి ఇతర కరెన్సీలు ఒక్క రాత్రిలో చూసేది రూపాయి కొన్ని వారాల్లో చూస్తుంది. 2024 డిసెంబరు 19న అది కదిలింది కొద్ది పైసలే. ఫిబ్రవరి 3కు 87 దాటింది. మే మొదట్లో మళ్లీ కాసేపు 84 లోపుకు వచ్చింది. గడువున్న ఫీజుకు అంతకాలం ఎదురుచూసే వీలుండదు.

అందుకే మా తమ్ముడికి డిసెంబరు మొదట్లోనే చెప్పాను, మూడు భాగాలు చేసి పంపమని. ఒకటి ప్రకటనకు వారం ముందు, ఒకటి ప్రకటన ముగిసి బజారు కుదుటపడ్డాక, ఒకటి గడువుకు కొన్ని రోజుల ముందు. అప్పుడు ఏ ఒక్క రాత్రీ మొత్తం ఫీజును శాసించదు. పంపే రోజున మీ బ్యాంకుకు ఫోను చేసి, మీకు ఇచ్చే ధరకూ అప్పటి బజారు ధరకూ తేడా ఎంతో అడగండి. టీవీలో కనిపించే ధర మీకు ఇచ్చే ధర కాదు. మొహమాటపడకుండా అడిగితే ఆ తేడా తగ్గించే అధికారం చాలాసార్లు శాఖలోనే ఎవరో ఒకరికి ఉంటుంది. మా తమ్ముడు అడిగాడు, డాలరుకు ముప్పై పైసలు తగ్గించారు.

మూడో భాగం జనవరి 10, శుక్రవారం పంపాడు. ఆ సాయంత్రమే అమెరికా ఉద్యోగాల లెక్క వచ్చింది. అంచనా లక్షా అరవై వేల చుట్టూ ఉండగా కొత్త ఉద్యోగాలు 2,56,000. వాడికి ఫోనులో ఆ రెండు అంకెలూ చదివి వినిపించి, ఇక సోమవారం ఏమవుతుందో నువ్వే చెప్పమన్నాను. "వడ్డీ ఇప్పట్లో తగ్గదనుకుంటారు, డాలరు ఎక్కుతుంది అక్కా" అన్నాడు. జనవరి 13న రూపాయి 86.50 దాటింది.